వాగు నీటి సీసాలు

“ఈ సీసాలు నింపింది మీరేనా?”

తనిఖీకి వచ్చిన అధికారి గొంతు మెత్తగానే ఉంది. అయినా సీసాల సారు తలెత్తి ఆమె వంక చూడలేదు. గనిలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. గని పక్కన లోయలో పారే వాగు నీళ్లను నెలనెలా ప్రభుత్వ ల్యాబ్‌కు పరీక్షకు పంపడం అతని ఉద్యోగం.

“నేనేనండీ.”

“ఇంకెవరి చెయ్యీ పడలేదు కదా?”

“లేదండీ. నేనే నింపి, నేనే సీలు వేశాను.”

పక్కనే నిలబడ్డ మేనేజరు ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నీళ్ల పరీక్షలు ఎగ్గొట్టినందుకే పాత మేనేజరు జైలుకెళ్లాడు. గనికి భారీ జరిమానా పడింది. మళ్లీ ఒక్కసారి తప్పినా గనికి తాళమేనని హెచ్చరించారు. సీసాల సారును ఉద్యోగంలోకి తీసుకున్నది ఆ తర్వాతే. అతను వచ్చాక ఒక్క నెలా తప్పలేదు.

“మొదట్లో పంపినవి శుభ్రంగా ఉన్నాయి. కొన్ని నెలలుగా వచ్చినవన్నీ విషం,” అంది అధికారి. “ఆర్సెనిక్. మీ వ్యర్థాల చెరువు అడుగున ఎక్కడో కారి భూమిలోకి ఇంకుతోంది. రేపు గని మూయిస్తాం.”

సీసాల సారుకు చెవుల్లో హోరు మొదలైంది.

“ఆ నీళ్లు... తాగితే ఏమవుతుందండీ?”

“ఒకటి రెండు రోజులకు ఏమీ కాదు. నెలల తరబడి తాగితే ముందు అరచేతుల్లో మచ్చలొస్తాయి. ఆ తర్వాత...” ఆమె చేతిలోని ఫైలు మూసేసింది. “అదృష్టం బాగుండి, ఆ వాగు నీళ్లు ఎవరూ తాగరు.”

అతని చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఆమెకు జాలి వేసినట్టుంది.

“మీరెందుకండీ అంత భయపడుతున్నారు? ఉన్నది ఉన్నట్టు పంపారు. శిక్ష మీకు కాదు.”

ఆమె జీపు గేటు దాటగానే మేనేజరు అతని కాలరు పట్టుకున్నాడు.

“నీ నిజాయితీ తగలెయ్య! కాసిన్ని మంచినీళ్లు పట్టి పంపితే నీ సొమ్మేం పోయేదయ్యా?”

సీసాల సారు ఆ చెయ్యి విదిలించుకుని బయటపడ్డాడు. భార్యకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. స్కూటరు ఎంత తన్నినా కదల్లేదు. దాన్ని అక్కడే పడేసి, చెరువు గట్టు దిగువనున్న గని క్వార్టర్ల దారి పట్టి పరుగెత్తాడు. చెప్పు తెగినా ఆగలేదు.

కూతురు గుమ్మంలో కూర్చుని బొమ్మకు జడ వేస్తోంది. అతను ఆ పిల్ల ముందు కూలబడ్డాడు.

“చేతులు చూపించు తల్లీ. ఏదీ, రెండూ చూపించు.”

“ఏమిటండీ, ఉద్యోగం మానేసి జ్యోతిష్యం మొదలెట్టారా?” భార్య నవ్వుతూ బయటికొచ్చింది. అతని ముఖం చూసి నవ్వు ఆపేసింది. “ఏమైందండీ?”

“గని మూసేస్తున్నారు. వాగులో విషముందని తేలింది. బట్టలు సర్దు. ఇప్పుడే మీ అమ్మ వాళ్లింటికి పోదాం.”

“మీ మీదేమన్నా కేసు పెట్టారా?”

“లేదు.”

“మరి దొంగల్లా పారిపోవడమెందుకు? నిజం చెప్పినవాడికి భయమేంటండీ?”

అతను పిల్ల అరచేతుల్ని వెలుతురుకు తిప్పి చూస్తున్నాడు. గోధుమరంగు చుక్కలు. బొటనవేలితో రుద్దాడు. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దాడు.

“నాన్నా, నొప్పి!”

“ముందు మీరు కాస్త నిమ్మళించండి,” అంటూ భార్య లోపలికి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది.

పడగెత్తిన పామును చూసినట్టు ఆ గ్లాసు వంక చూశాడతను.

లోయలోకి దిగి వాగుదాకా వెళ్లడానికి బద్ధకించి, ఇన్నాళ్లూ ల్యాబ్‌కు పంపిన సీసాలన్నీ అతను నింపింది తన వంటింటి కుళాయి కిందే.