ఆరు మందారాలు

"ముందు ఆ పూలు తీసెయ్ పెద్దాయనా. తర్వాతే మాట."

తనిఖీకి వచ్చిన శ్రీవత్స క్లోరిన్ షెడ్డు గుమ్మంలో నిలబడి అన్నాడు. లోపల ఒక్కోటి టన్ను గ్యాసు పట్టే ఆరు సిలిండర్లు కొట్టంలో ఎద్దుల్లా వరసగా పడుకుని ఉన్నాయి. ఎద్దులైతే తోకలు ఊపుతాయి, ఇవి ఊపవు, అంతే తేడా. ఒక్కొక్కదాని వాల్వు కింద, నేల మీద, నీళ్లు చల్లిన ఎర్ర మందారం ఒకటి.

"ఇరవై ఏండ్లుగా పెడ్తాండా సార్. ఒక్క పొద్దు తప్పలే," అన్నాడు ఆపరేటరు. ప్లాంటులో అందరూ అతన్ని పూలతాత అనే పిలుస్తారు.

"ఏ దేవునికి?"

"ఈ ఆరుగురికీ. వీళ్లకు కోపమొస్తే ఆళ్లగడ్డ సగం ఖాళీ అయితాది."

శ్రీవత్సకు నవ్వు రాలేదు. నిన్న బేతంచెర్ల, ఈ పొద్దున నంద్యాలలో రెండు ఫ్యాక్టరీలు, ఇప్పుడీ నీళ్ల ప్లాంటు. వారం రోజుల జలుబు. దానికి తోడు బండల లారీల దుమ్ము ముక్కులో సిమెంటులా గట్టిపడింది. మెమో ఒకటి రాసేస్తే సాయంత్రం బస్సుకు నంద్యాల చేరి పడుకోవచ్చు. అంతకుమించి ఈ లోకంలో అతనికి ఏ కోరికా మిగల్లేదు.

"చూడు. నేను అహోబిలంలో అర్చకుల ఇంట్లో పుట్టినోణ్ణి. మా నాయన పూజ చేసేది గుళ్లో, క్లోరిన్ గదిలో కాదు. ఇక్కడ సిలిండర్లు తప్ప పూచికపుల్ల ఉండకూడదు. అది రూలు."

"రూలు మంచిదే సార్. ఫ్యాను స్విచ్చి బయటే ఉంది. మాస్కు బయటే ఉంది. తలుపు బయటికే తెరుచుకుంటాది. గ్యాసు పసిగట్టే మిషనొక్కటే లేదు. రిపేరుకు పోయి ఎనిమిది నెల్లాయె. యాడ తిరుగుతాందో."

"అది నేను రాస్తాలే. పూల సంగతి చెప్పు."

"పూలంటే గుర్తొచ్చె. ఒకసారి ఈడ గ్యాసు లీకైతే, కిటికీలో కూర్చున్న పచ్చ చిలక తెల్ల కొంగయి ఎగిరిపోయింది సార్. పెండ్లాం గుర్తుపట్టక గూట్లోకి రానీలే. ఆర్నెల్లు పంచాయితీ."

శ్రీవత్స ప్యాడు తీశాడు. ఇలాంటివాళ్లతో వాదించే ఓపిక ఉద్యోగంలో మొదటి ఏడాదికే ఖర్చయిపోయింది. 'నిల్వ గదిలో పూజాద్రవ్యాలు. నియమాల ఉల్లంఘన. విధుల నుంచి తొలగించవలెను.' పేరు గడి ఒక్కటే ఖాళీగా వదిలాడు.

ముసలాయన ఆ అక్షరాలు చదివాడు. మొహంలో వేళాకోళం ఇంకిపోయింది.

"కాంట్రాక్టు పని సార్ నాది. ఆ కాగితం పోతే రేపు గేటు కాడనే ఆపేస్తారు."

"పూలు నువ్వు తీస్తావా, నన్ను తీయమంటావా?"

"నేనే తీస్తా లెండి."

మోకాళ్లు పట్టుకుంటూ వంగాడు. మొదటి పువ్వు తీసి తిప్పి చూసి సంచిలో వేసుకున్నాడు. రెండోది చూసి వేసుకున్నాడు. మూడోదీ అంతే. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. దాన్ని పిడికిట్లో పట్టుకుని మెల్లగా లేచాడు.

"సార్, బయటికి నడవండి. ఉరకొద్దు."

"ఏందీ?"

"గాలి ఎదురొచ్చే దిక్కుకు, ఆ మిట్ట మీదికి పోండి. పల్లంలో నిలబడొద్దు. ఇది నేలబారున పాకే జాతి."

"నాకేం వాసన రాలేదే."

"మీకు జలుబు. నా ముక్కు రిటైరై పదేండ్లాయె. నడవండి. నేను కనబడేట్టు నిలబడండి. పది లెక్కపెట్టేలోగా ఒకసారి చెయ్యి ఊపుతాంటా. ఊపకపోతే ఆ మిట్ట మీద స్తంభానికున్న సైరన్ నొక్కండి."

శ్రీవత్స మిట్టెక్కాడు. ముసలాయన ఫ్యాను వేశాడు, మాస్కు బిగించాడు, గాలి సిలిండరు వీపున తగిలించుకుని లోపలికి పోయాడు. అమ్మోనియాలో ముంచిన గుడ్డను నాలుగో సిలిండరు వాల్వు దగ్గరికి తెచ్చాడు. క్లోరిన్ కారే చోట మాత్రమే లేచే తెల్లటి పొగ అక్కడ దారప్పోగంత లేచింది.

శ్రీవత్స లెక్కపెట్టాడు. చెయ్యి ఊగింది. మళ్లీ లెక్కపెట్టాడు. ఊగింది. మూడోసారి తొమ్మిది దాకా వచ్చి సైరన్ మీట మీద వేలు పెట్టాక ఊగింది. ఎన్నిసార్లు లెక్కపెట్టాడో అతనికే తెలియదు. బస్సు సంగతి మాత్రం మర్చిపోయాడు.

ముసలాయన వాల్వు కట్టేసి, గుడ్డతో మరోసారి చూసి, బయటికొచ్చి మాస్కు తీశాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. జేబులోంచి ఆ నాలుగో పువ్వు తీసి శ్రీవత్స చేతిలో పెట్టాడు. ఒక పక్క రెక్కలు ఎర్రగానే ఉన్నాయి. వాల్వు వైపున్న రెక్కలు సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయాయి.

"అతుకు కాడ వాషరు అరిగింది. వెంట్రుకంత సందు. రేపటికి వేలంత అయ్యేది."

శ్రీవత్స ఆ పువ్వును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది లీకు కనిపెట్టడానికని ముందే చెప్పొచ్చు కదా?"

"మొదట్లో చెప్పినా సార్. విన్న ప్రతి ఆఫీసరూ నవ్వి, పూలు పారేయించె. పూజ అనుకున్నోళ్లు మాత్రం చెప్పులిడిచి దండం పెట్టి పోయిరి. అట్లే అనుకోనీలే అని ఊరకున్నా. పూజ అనుకుని కూడా తీయమన్నది పూజారి ఇంట్లో పుట్టిన మీరొక్కరే."

శ్రీవత్స మెమో చించి జేబులో కుక్కుకున్నాడు. కొత్త కాగితం తీశాడు. 'గ్యాసు మిషను తక్షణం తెప్పించవలెను. అంతవరకు మందారాలు ఉండనివ్వవలెను. ఈ ఆపరేటరును కదపరాదు.' మళ్లీ ఆ ఖాళీ గడి దగ్గరే పెన్ను ఆగింది.

"ఇంతకీ నీ పేరేంది పెద్దాయనా?"

"ఏసయ్య. బేగా రాయండి సార్, ఆరింటికి చర్చిలో గంట కొట్టేది నేనే."