ముందు కారులో అమ్మమ్మ

ఆగస్టు తొమ్మిది. పోలీసు ఉద్యోగంలో కొత్తగా చేరిన మా మనవరాలికి రేపు గస్తీ కారు పరీక్ష. తప్పితే మళ్ళీ స్టేషన్లో ఫైళ్ళే గతి. అందుకే ఇవాళ జరిగింది వెంటనే రాస్తున్నాను.

పరీక్ష చిన్నదే. ముందు వెళ్ళే కారుకీ తనకీ మధ్య ఎడం పెరగకుండా, తరగకుండా వెనకే నడపాలి. అప్పుడు తన మీటరు చూపించేదే ఆ కారు వేగం. సాధన కోసం ముందు కారు నేను నడిపాను, సరిగ్గా అరవైలో.

"డెబ్భై రెండు!" అంది, కారు దిగుతూనే.

"నా మొహంలా ఉంది. అద్దంలో నీ కారు అంతకంతకూ పెద్దదైపోయింది. అలా మీదికొచ్చేస్తే మీటరు నీ తొందర చెబుతుంది గానీ, నా వేగం చెబుతుందా?"

మళ్ళీ వెళ్ళాం. మళ్ళీ అదే వరస.

"రేపు కూడా ఇలాగే వెలగబెడతావా?"

"నిన్న మా బ్యాచ్ అమ్మాయి ముందు నడిపితే ఒక్కటీ తప్పలేదు, అమ్మమ్మా!"

"మరి నా దగ్గరికొచ్చేసరికి ఏమొచ్చింది?"

తాళాలు తిప్పుతూ నేల చూసింది. "ఆ మలుపులో లారీలొస్తాయి. నువ్వేమో ఒక్కదానివే ఉంటావు. కాలు దానంతటదే యాక్సిలరేటరు నొక్కేస్తోంది."

తిట్లు మానేసి, ఇంటికొచ్చి ఈ కాగితం తీశాను.

ఇక జరగవలసినవి:

1. రేపు ముందు కారు నడిపేది ఇన్‌స్పెక్టరు. ఆయన మీద బెంగ పెట్టుకోకూడదు.
2. నేను ఆ దరిదాపులకు పోకూడదు.
3. పరీక్షయ్యాక ఇద్దరం ఒకే కారులో షికారు వెళ్ళాలి. నడిపేది నేనే.