రాగి జుట్టుకి తగ్గ ఎరుపు

రండి రండి, ఇలా దగ్గరికి జరగండి. వెనకాల ఆ గుసగుసలు ఆపాలి. ఫోన్లు బోర్లా పెట్టండి. ఆవలింతలుంటే ఇప్పుడే ఆవలించేయండి, మధ్యలో కుదరదు. నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధముంటే నా మీసం సగం గీయించుకుంటాను. ఏ సగమో మీ ఇష్టం.

"వదినా! నా నెత్తికి నిప్పంటుకుందేంటి?"

పార్లరు అద్దంలో తన తల చూసుకుని ఆడపడుచు పెట్టిన కేక అది. ఆ కేకకి వీధిలో మూడు సైకిళ్ళకి గాలి పోయింది. పార్లరు నడిపేది ఆమె వదినే. వీధంతా రంగుల వదిన అంటారు. జుట్టుకి గోధుమ రంగు వేస్తానని కూర్చోబెట్టింది. పావుగంట ఉంచాల్సిన రంగుని, కబుర్లలో పడి ముప్పావుగంట ఉంచేశారు ఇద్దరూ. కడిగి చూస్తే, తోమి బోర్లించిన రాగి బిందెలా ఉంది తల.

అరగంటలో పేపరు ఫోటోగ్రాఫరు వస్తాడు. రేపటి పేపర్లో ఆడవాళ్ళ పేజీలో ఈ పార్లరు పనితనానికి నమూనాగా ఆడపడుచు ఫోటో పడుతుంది. అది చూసి జనం వస్తే సరే. రాకపోతే నెలాఖరుకి తాళమే. ఎదురుగా కొత్తగా తెరిచిన అద్దాల పార్లరావిడ అప్పుడే కబురు పంపింది, "మా దగ్గర తలలు కడిగే పని ఖాళీగా ఉంది, రమ్మనండి" అని.

"మళ్ళీ నల్లరంగు వేసెయ్ వదినా, నీకు పుణ్యముంటుంది."

"టైమెక్కడుందే? ఇక జుట్టు మారదు. మొహమే మారాలి."

"నా మొహానికేమొచ్చింది?"

"నిన్నటిదాకా ఏమీ రాలేదు. ఇవాళ ఇంటికి కొత్త కప్పు పడింది. దానికి తగ్గట్టు గోడలకి సున్నం కొట్టొద్దూ? కదలకుండా కూర్చో."

మొదట ఆడపడుచు రోజూ వేసుకునే గులాబీ లిప్‌స్టిక్కే పూసింది. దూరం జరిగి చూసింది. "ఛీ, పన్ను పీకించుకుని వచ్చినదానిలా ఉన్నావు." తుడిచేసి ముదురు రంగు పూసింది. "ఇప్పుడు ఎవర్నో కొరికొచ్చినట్టున్నావు."

"నిన్నే కొరుకుతా, కాస్త దగ్గరికి రా వదినా."

వదిన నవ్వలేదు. కుర్చీతో సహా ఆడపడుచుని గుమ్మంలోకి లాక్కొచ్చింది. "ట్యూబులైటు ఉత్త అబద్ధాలకోరు. పగటి వెలుతురుకైతే మొహమాటం లేదు, ఉన్నదున్నట్టు చెబుతుంది."

నల్ల కాటుక తుడిచేసి గోధుమరంగు పెన్సిలు గీసింది. కనుబొమలకీ అదే రంగు పొడి అద్దింది, పైనున్న జుట్టుతో చుట్టరికం కుదిరేలా. రెప్పల మీద ఎండుటాకు పచ్చ పూసింది, కనబడీ కనబడనట్టు. బుగ్గలకి పండిన బొప్పాయి రంగు. పెదాల దగ్గరికొచ్చేసరికి ఏ లిప్‌స్టిక్కూ నచ్చలేదు. ఇటుక ఎరుపులో రవ్వంత నారింజ కలిపి, తన అరచేతిలోనే నూరి, చిటికెనవేలితో దిద్దింది.

"ఇక లే."

ఆడపడుచు లేచి నిలబడింది. ఇక చూడండి నా సామిరంగా! పచ్చలైటు పడినా బస్సు కదల్లేదు. ఎదుటి మేడ మీదావిడ మంటలనుకుని ఫైరింజనుకి ఫోన్ చేసింది. వచ్చినవాళ్ళు నీళ్ళు కొట్టడం మర్చిపోయి గొట్టం పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయారు. అద్దాల పార్లర్లోంచి ఒకావిడ సగం క్రాపుతోనే బయటికొచ్చేసింది.

"వదినా, ఇది నేనేనా?"

"నువ్వే. నిన్నటిదాకా ఉన్నదే ఎవరో."

ఫోటోగ్రాఫరు వచ్చి నలభై ఫోటోలు తీశాడు. "ఇంత మంచి రంగులు నేను పుట్టాక చూళ్ళేదండీ," అని వెళ్ళాడు. ఆ రాత్రి వదిన గురక పెట్టి మరీ నిద్రపోయింది.

తెల్లారి షట్టరు సగమే ఎత్తి, ఇద్దరూ లోపల కూర్చుని పేపరు తిప్పారు. ఆడవాళ్ళ పేజీ వచ్చింది. ఫోటో ఉంది. అరచేయంత పెద్దదే వేశారు.

నలుపూ తెలుపూ.

జుట్టు బూడిద రంగు. పెదాలూ అదే. బుగ్గల సంగతి చెప్పనే అక్కర్లేదు. రంగుల గురించి ఇంత తెలిసిన మనిషి, ఆ పేజీ రంగుల్లో అచ్చేస్తారా లేదా అని ఒక్క మాట అడగలేదు! అడిగుంటే ఫోటోగ్రాఫరు అప్పుడే చెప్పేవాడు, ఆ పేజీకి ఏనాడూ రంగు లేదని.

చివరికి ఆడపడుచే వదిన చెయ్యి పట్టుకుంది. "పోనీలే వదినా. తలలు కడగడానికి నేనూ వస్తా. నువ్వు సబ్బు రాయి, నేను నీళ్ళు పోస్తా."

వదిన కళ్ళు తుడుచుకుని తాళంకప్ప అందుకుంది. అంతలో షట్టరు మీద దబదబా బాదుడు.

ఎత్తి చూస్తే వీధి మలుపుదాకా ఆడవాళ్ళు. ప్రతి చేతిలోనూ పేపరే. ముందున్నావిడ ఫోటో మీద వేలు పెట్టి పొడిచింది. "ఇదిగో, అచ్చం ఈ రంగే కావాలి. పెదాలక్కూడా ఇదే."

"ఏ రంగమ్మా?" అంది వదిన.

"అదేంటి, అలా అడుగుతారు? ఇంత బాగా కనబడుతుంటే!"

వదిన ఫోటో చూసింది, ఆడపడుచుని చూసింది, తాళంకప్ప సొరుగులో పడేసింది. "కనబడకేం! ఒక్కొక్కరూ రండి."

పాలప్యాకెట్ పట్టుకుని అటుగా పోతున్న ఒక పెద్దాయన ఆగి, లైన్లో ఒకావిడ చేతిలోని పేపర్లోకి కళ్ళజోడు సర్దుకుని మరీ తొంగిచూసి, పెదవి విరిచాడు.

"అంతా బాగానే కుదిరింది గానీ, ఆ ఎరుపులో నారింజ కాస్త ఎక్కువైందమ్మా."