బాధ్యత తెలిసినవాడు

"మా అన్నయ్య వద్దండీ, చీటికీమాటికీ అరుస్తాడు!" అని అరిచాడతను.

వీలునామా రాయించడానికి భార్యతో కలిసి వచ్చాడు. ‘మేమిద్దరం పోతే మా పిల్లల సంరక్షకుడు’ అని రాసి, లాయరమ్మ కలం పట్టుకుని కూర్చుంది.

"పోనీ, మా తమ్ముడు?" అంది భార్య.

"వాడా! అడిగిందల్లా కొనిపెట్టి పిల్లల్ని నెత్తికెక్కించుకుంటాడు. బాధ్యత తెలిసినవాడు కావాలి. అంటే, నాలాంటివాడు."

అలాంటివాడు మళ్లీ ఎక్కడ దొరుకుతాడని నిట్టూర్చేలోగా ఫోన్ మోగింది. బావమరిదే. స్పీకర్ నొక్కాడు.

"బావా, బడి వదిలి చాలాసేపయినా ఎవరూ రాలేదని టీచర్ ఫోన్ చేసింది. పిల్లల్ని మా ఇంటికి తెచ్చేశాలే. అన్నం తింటున్నారు."

మొగుడూ పెళ్లాం మొహాలు చూసుకున్నారు.

"మీరు ఎవరికైనా చెప్పొచ్చారనుకున్నా."

"నువ్వు చెప్పావనుకున్నా."

అతను గొంతు సవరించుకుని ఫోన్‌లో పెద్దరికంగా అడిగాడు. "అయినా, టీచర్ నాకు కదా చెయ్యాలి?"

"మీటింగుల్లో ఎత్తడం కుదరదని బడిలో నా నంబరే ఇచ్చావుగా బావా. జ్వరమొచ్చినా నాకే చేస్తారు."

లాయరమ్మ కలం కాగితం మీదికి వంచింది.

"వాడి పేరే రాయండి మేడమ్," అన్నాడతను నీరుగారిపోయి. "‘మేమిద్దరం పోతే’ అన్న ముక్క మాత్రం కొట్టేయండి."