బావమరిది గదిలో బాతుపిల్లలు

చుట్టపుచూపుగా వచ్చిన నా బావమరిది ముందుగదిలో పాతుకుపోయాడు. పొమ్మంటే మా ఆవిడ నన్ను పొమ్మంటుంది. అందుకని కాసిని బాతుపిల్లల్ని కొనుక్కొచ్చి, అట్టపెట్టెలో వాడి మంచం కిందే పెట్టాను. అవి నీళ్ళు ఒలకబోసి, రెట్టలు వేసి, అందులోనే తొక్కులాడి నా పని చక్కగా చేసిపెట్టాయి. మర్నాటికి గది గుప్పుమంది.

"కంపు కొడుతోంది బావా," అన్నాడు.

"పసివాళ్ళు కదరా, సర్దుకోవాలి," అన్నాను.

వెధవ, సర్దుకోకుండా ఆలోచించాడు. కంపంతా తడిదేనని కనిపెట్టాడు. నీళ్ళగిన్నెను ఇనపజాలీ మీదకెక్కించి, ఒలికినవి పడేలా కింద పళ్ళెం పెట్టాడు. వడ్రంగి దగ్గర చిత్రికపొట్టు తెచ్చి పెట్టెలో పరిచాడు. తడిసిన పొట్టును పూటపూటా ఎత్తిపోశాడు. పెట్టెలో ముక్కు దూర్చి చూశాను. నా కడుపు మండింది గాని ముక్కుకేమీ తగల్లేదు. పైగా పిల్లలు వాడి వెనకే వరసగా తిరుగుతున్నాయి.

ఇక సిగ్గు విడిచి అడిగేశాను. "ప్రయాణం ఎప్పుడురా?"

"మీరు వీటిని తెచ్చిన రోజే బావా. సంచి కూడా సర్దుకున్నాను," అన్నాడు, ఒక పిల్లను ఒళ్ళోకి తీసుకుంటూ. "శుభ్రమంటే తెలియని మీ చేతుల్లో వీటిని పెట్టి ఎలా వెళ్ళమంటారు?"