సీటు ఎత్తు

రెండు స్కూటర్ల గుణగణాల మీద వారంపాటు ఉపన్యాసాలు దంచి, ఇంటిల్లిపాదికీ ముద్ద దిగకుండా చేసినందుకు సమస్త మానవాళికీ నా క్షమాపణలు. మైలేజీ, డిక్కీ, బ్రేకులు, ఏదీ వదల్లేదు.

కొనేది అక్క. ఆస్పత్రిలో నర్సు, బస్సుల్లో నలగలేక కొంటోంది.

షోరూములో, నేను మెచ్చిన నల్లదాన్ని ఎక్కింది.

"మునివేళ్ళే ఆనుతున్నాయిరా. నువ్వెక్కిన ఆ ఎర్రదీ ఇంతేనా?"

పక్కనే ఎర్రదాని మీద మహారాజులా కూర్చుని తీర్పు చెప్పాను.

"రెండూ ఒకే ఎత్తక్కా. నువ్వు పొట్టైతే పాపం స్కూటరేం చేస్తుంది?"

"పోరా, తాటిచెట్టూ!" అని నవ్వేసి, నల్లదాన్నే కొంది.

నిన్న సిగ్నల్ దగ్గర కాలు ఆనక బండితో సహా పడిపోయింది. మోకాలికి కట్టుతో ఇంటికొచ్చి, తాళం నా చేతిలో పెట్టింది.

"నాకు చేతకాదులేరా. నువ్వే కాలేజీకి వేసుకెళ్ళు. నాకు బస్సే నయం."

తాళం తీసుకున్నాను.

ఆ రోజు ఎర్రదాని మీద నేను ఊరికే కూర్చోలేదు. దాని సీటు నాలుగు వేళ్ళు తక్కువ ఎత్తని నాకు తెలుసు. నల్లది నాకు కావాలి. ఎర్రదాన్ని అక్క ఎక్కి చూస్తుందేమోనని, ముందే ఎక్కి కూర్చున్నాను.