బొట్టు నిలవని కారు

అర్చకస్వామి బానెట్ మీద పెట్టిన కుంకుమబొట్టు ఒక్క క్షణం నిలిచింది. తర్వాత మెల్లగా కదిలింది. అంచు దాకా వెళ్ళి టప్పున కింద పడింది.

స్వామి వేలు గాల్లోనే ఆగిపోయింది.

"మళ్ళీ పెట్టండి స్వామీ," అన్నాడు బుచ్చిబాబు కంగారుగా. కొత్త నల్ల కారుకి పూజ చేయించడానికి భార్య మాణిక్యంతో అత్తిలి నుంచి ద్వారకా తిరుమల వచ్చాడు.

రెండో బొట్టు ఇంకా వేగంగా జారింది. మూడోసారి స్వామి గంధాన్ని ముద్దలా కలిపి గట్టిగా అద్దాడు. ఆ ముద్ద తీరిగ్గా నత్తలా పాక్కుంటూ వెళ్ళి బంపర్ దిగింది.

వెనక ట్రాక్టరుతో వరసలో ఉన్న పెద్దమనిషి తొంగి చూశాడు. "కారుకి ఇష్టం లేనట్టుందండి," అన్నాడు.

మాణిక్యం మొహం పాలిపోయింది. "ఏవండీ, పదండి. బస్సులో వెళ్ళిపోదాం."

"కారుండగా బస్సేవిటి మాణిక్యం?"

"పసుపుకుంకుమలు నిలవని బండి అది. అందులో మిమ్మల్ని ఎక్కించి నా నుదుటి బొట్టు పోగొట్టుకోమంటారా? షోరూమ్ వాళ్ళకి ఫోన్ చేసి పట్టుకుపొమ్మనండి. మా తోటికోడలు దీన్ని అదోలా చూసినప్పుడే అనుకున్నాను. చక్రం చక్రం చుట్టూ తిరిగి మరీ చూసింది."

మాణిక్యం అన్నదంటే అయిపోయినట్టే. కిందటేడు కొత్త ఫ్రిజ్ అలాగే వెనక్కి వెళ్ళింది.

"పదకొండూ నలభైకి వర్జ్యం వచ్చేస్తుందండి. రేపట్నుంచి మూఢం," అన్నాడు స్వామి వాచీ చూసుకుంటూ. అప్పటికి పదకొండున్నర.

బుచ్చిబాబుకి ముచ్చెమటలు పట్టాయి. డాష్‌బోర్డు మీదున్న పసుపురంగు మెత్తటి గుడ్డ తీసి మొహమంతా రెండుసార్లు రుద్దుకుని, ఫోన్ అందుకున్నాడు. తాడేపల్లిగూడెంలో కార్లు మెరిపించే శామ్యూల్ నంబరు నొక్కాడు. పొద్దున్న దారిలో అక్కడ ఆగి కారుకి మెరుగు పెట్టించుకునే వచ్చాడు మరి.

"శామ్యూల్, నా కారుకి ఏం చేశావయ్యా?"

"ఏవండీ, అద్దంలా మెరవట్లేదాండి?"

"మెరుస్తోంది. బొట్టే నిలవట్లేదు! ఉండు, స్పీకర్లో పెడుతున్నాను. మా ఆవిడకి నువ్వే చెప్పు."

"అదాండి! సీలెంట్ స్ప్రే కొట్టానమ్మా. వ్యాక్స్ పెట్టి రుద్దాలంటే నాలుగు గంటల పనండి. అయ్యగారేమో ముహూర్తం, ముహూర్తం అని నా నెత్తినెక్కి కూర్చున్నారు. అందుకని పావుగంటలో స్ప్రే కొట్టి గుడ్డతో తుడిచేశాను. ఇంక నీళ్ళు, బురద, పిట్టరెట్ట ఏదీ అంటదండి. కొల్లేరు గట్టు మీద కొంగల కింద ఆపుకున్నా పరవాలేదు. ఆరు నెలలు గ్యారంటీ!"

"బొట్టు సంగతి ముందే చెప్పొద్దా?" అరిచాడు బుచ్చిబాబు.

"సీసా మీద బొట్టు గురించి రాయలేదండి."

"పోనీ, స్ప్రే కొట్టని చోటేదైనా ఉందా? రూపాయి బిళ్ళంత చాలు."

"లేదండి." శామ్యూల్ గొంతులో గర్వం వినిపించింది. "అద్దాలు, చక్రాలు, నంబర్ ప్లేటు, ఆఖరికి సైలెన్సర్ కూడా! మీరు మంచివారని ఏదీ వదల్లేదు."

మాణిక్యం నమ్మలేదు. "మీరూ మీరూ ఒకటై నా కళ్ళు కప్పుతున్నారు. దేవుడి బొట్టుని జార్చేది సీసాలో దొరుకుతుందా? ఈ కారు కాకుండా ఇంకో దాని మీంచి జారితే చూపించండి. అప్పుడు నమ్ముతాను."

పదకొండూ ముప్పై ఏడు.

"ముందు యజమానికి పెడతానమ్మా. ఆ పైన స్వామివారి దయ," అంటూ అర్చకస్వామి బుచ్చిబాబు నుదుటి మీద ఇంత బొట్టు పెట్టాడు.

బొట్టు ఒక్క క్షణం నిలిచింది. తర్వాత మెల్లగా కదిలింది. కనుబొమల మధ్య నుంచి ముక్కు మీదకి దిగి, కొసన కాసేపు వేలాడి, చొక్కా మీద పడింది.

ట్రాక్టరు పెద్దమనిషి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏవండీ!" మాణిక్యం కేకపెట్టి కారుని పట్టుకోబోయింది. చెయ్యి జారి స్వామి పళ్ళెం మీద పడబోయి ఆగింది.

"ఏమైందమ్మా?" ఫోన్లోంచి అడిగాడు శామ్యూల్.

"ఈయనకి కూడా నిలవట్లేదు నాయనా!"

"అయ్యబాబోయ్, నా పసుపు గుడ్డ మీ కార్లో మర్చిపోయానాండి? స్ప్రే తుడిచింది దాంతోనే. అయ్యగారు మొహం తుడుచుకున్నారేమో చూడండి."

బుచ్చిబాబు ఎగిరి గంతేశాడు. "తుడుచుకున్నాను! రెండుసార్లు తుడుచుకున్నాను! ఇంకో దాని మీంచి జారాలన్నావుగా మాణిక్యం? ఇదిగో, నా మీంచి జారింది. ఇప్పుడైనా నమ్ముతావా?"

మాణిక్యం నిగనిగలాడుతున్న కారుని చూసింది. అంతకంటే నిగనిగలాడుతున్న మొగుడిని చూసింది. ఫోన్ లాక్కుంది.

"బాబూ శామ్యూల్, ఇది కొడితే ఏదీ అంటదన్నావు కదా?"

"అంటదండి."

"దిష్టి?"

శామ్యూల్ అర సెకను ఆలోచించాడు. "అది అసలే అంటదమ్మా."

"స్వామీ, హారతి ఇచ్చేయండి," అంది మాణిక్యం. డోరు తీసుకుని ముందు సీట్లో దర్జాగా కూర్చుంది. ఫోన్ మాత్రం వదల్లేదు.

"రేపు పొద్దున్నే పెద్ద సీసాతో అత్తిలి వచ్చెయ్యి నాయనా. ఇంటికీ, గేదెలకీ కొట్టి, ఈయనకి ఇంకో చుట్టు వెయ్యాలి. ఎల్లుండి మా తోటికోడలు వస్తోంది."